ఆగిన కాడి నుంచి

బాబాయి పోయాడన్న కబురు నాకు బుధవారం పొద్దున గురజాల కాలేజీలో తెలిసింది. కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఫోన్ మోగింది, చూస్తే పిన్ని. ఆవిడ కాలేజీ టైములో నాకెప్పుడూ ఫోన్ చేయదు. "అమ్మాయ్, కాఫీ చల్లారిపోతన్నా మీ బాబాయి లేవట్లేదు. నువ్వొచ్చి ఒకసారి లేపవా" అంది. ఏడవటం లేదు, మామూలుగానే అడిగింది. వెనక ఎవరో ఘొల్లుమన్నారు. అప్పుడుగానీ నాకు బుర్రకెక్కలేదు.

బస్సు పట్టుకుని మా ఊరు దాచేపల్లి చేరేసరికి బాబాయిని వరండాలో పడుకోబెట్టి ఉంచారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. పిన్ని తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. అందరూ ఆయన మొహం చూస్తున్నారు. నేను మాత్రం తలుపు సందులోంచి ముందు గదిలోకి చూస్తున్నాను. అక్కడ టీవీ కింద ఒక నల్ల డబ్బా ఉంది, దుమ్ము పడకుండా దాని మీద బాబాయి తువ్వాలు కప్పి ఉంది. ఆ డబ్బాలో నేను రాసిన ప్రోగ్రాములో ఒక ముక్క తప్పుగా ఉంది. పది నిమిషాల్లో అయ్యే మరమ్మతు. మొన్న ఆదివారం చేసి ఉండాల్సింది. వచ్చే ఆదివారం చేస్తానని చెప్పి నేను ఇంటికి పోయాను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా పుట్టింటి గోడకి అవతల ఇల్లు, పెళ్ళయ్యాక కూడా నేను పుట్టింట్లోనే ఉంటున్నాను. మా ఊరి టాకీసులో ముప్పై ఏళ్ళకు పైగా ఆపరేటరు. ఆ టాకీసు ఇప్పుడు మిరపకాయల గోడౌను. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళకి ఆపరేటరు, మాబోటి వాళ్ళకి ఆపరేటరు బాబాయి. చిన్నప్పుడు బొమ్మ మధ్యలో తెగి హాలంతా ఈలలేస్తే నేనూ ఈల వేసి అరిచినదాన్నే. మర్నాడు గోడ మీద నుంచి చూసి, "ఈలేసింది నువ్వే గదా, నాకు తెల్దనుకున్నావా" అనేవాడు. ఐదొందల మందిలో నా ఈల ఎట్లా పట్టాడో ఈనాటికీ నాకు తెలియదు.

టాకీసులోకి సీలు వేసిన డబ్బా ఒకటి వచ్చినప్పుడు ఆయన ఉద్యోగం మానేశాడు. రీళ్ళు పోయాయి, సినిమా ఆ డబ్బాలోంచి వస్తుంది. ఆగిపోతే కంపెనీకి ఫోన్ చేయాలి, మూత మాత్రం తీయకూడదు. "ఎవురూ పొమ్మన్లేదు అమ్మాయ్, నేనే వచ్చేశా. మూత తియ్యనియ్యకపోతే ఇంక నేనెందుకక్కడ? కాపలాకా?" అన్నాడొకసారి. అది ఆయన మనసులో చాలా ఏళ్ళు మెదులుతూనే ఉంది.

తర్వాత ఇంట్లో సీడీ ప్లేయరు పెట్టుకున్నాడు. ట్రంకుపెట్టె నిండా పాత సినిమాల సీడీలు. ఒక్కో సినిమాకి రెండు సీడీలు, మూడు సీడీలు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, రెండున్నరకి మ్యాట్నీ వేసేవాళ్ళు. ఆ టైముకి నేనూ గోడ దాటి పోయేదాన్ని. సీడీ అయిపోయేలోగా లేవాలి కాబట్టి ఆయన కూర్చునేవాడు కాదు. టీవీ పక్కన గోడకి ఆనుకుని నుంచునేవాడు. "కూర్చోవయ్యా, నీకేమైనా జీతమిస్తన్నారా" అని పిన్ని తిట్టేది.

ఒక ఆదివారం పిన్ని టీ పెట్టటానికి లేచినప్పుడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, పెళ్ళయిన కాణ్నించి మీ పిన్ని పక్కన కూర్చుని ఒక్క బొమ్మ చూళ్ళా. నేను పైన కేబిన్‌లో, అది కింద ఆడాళ్ళ బెంచీలో. మనిషి లేవాల్సిన పన్లేకుండా మొత్తం బొమ్మ దానంతటదే ఆడే మిషను ఒకటి చేసిపెట్టగలవా? చూస్తే ఒక్క బొమ్మ పూర్తిగా చూడాలి దాని పక్కన కూర్చుని."

నాకు నవ్వొచ్చింది. ఇదేం కోరిక, ఫోన్లో చూసినా అయిపోతుంది కదా అనుకున్నాను. కానీ ఆయన మొహం చూస్తే నవ్వలేకపోయాను. 'పూర్తిగా' అన్న ఆ మాటే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

గుంటూరులో నర్సుగా చేస్తున్న కూతురు కొనిచ్చిన పెద్ద టీవీ ఉండనే ఉంది. అందులోనే ఏవేవో ఉన్నాయి గానీ అవేవీ ఆయనకి పడలేదు. అది మాటిమాటికీ నంబరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆయన అడగని సినిమాలు చూపిస్తుంది. "ఇది కూడా సీలు డబ్బానే" అనేశాడు. నేను మా కాలేజీలో పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి ప్రిన్సిపాల్ గారిని అడిగి తెచ్చాను. దాంట్లో లినక్స్ వేసి, దాని మీద ఇంట్లో సినిమాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తానని చెప్పాను. ఎవరిదది అని అడిగాడు. ఎవరిదీ కాదు, అందరిదీ అన్నాను.

"ఊరికే ఇస్తారా? ఏందో మెలికుండిద్ది చూడు."

"మెలిక లేదు బాబాయ్. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో రాసి పెట్టారు. లోపల ఏం రాశారో మొత్తం చదువుకోవచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు."

కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మూత తీసి చూడనిస్తారా?" అని అడిగాడు.

"చూడమనే ఇస్తారు."

ఆ సాయంత్రం ఆయన ఆ పాత కంప్యూటరు మూత తీసిన పద్ధతి చూసి ఉంటే మీకు కూడా కళ్ళు చెమర్చేవి. ఒక్కో మరనీ వరసగా తెల్లగుడ్డ మీద పేర్చాడు. మా ఊళ్ళో లారీల వెంట వచ్చే రాతి దుమ్ము దేన్నీ వదలదు. దాన్ని రంగులేసే కుంచెతో దులిపి, సైకిల్ పంపుతో ఊదాడు. ఫ్యాను గుర్రుమంటుంటే, "ఈ గురక మీద మాటలేం వినపడతాయి" అని రెండు రోజులు కుస్తీ పట్టి, ఫ్యాను కింద రబ్బరు ముక్కలు పెట్టి నోరు మూయించాడు. పాత టీవీ రిమోట్ దీనికి పనిచేసేలా, దాని సిగ్నల్ పట్టే ఒక చిన్న కన్ను అతికించాడు. సీడీలన్నీ ఒక్కొక్కటిగా డిస్కులోకి ఎక్కించే పని నాది. పెట్టె ఖాళీ కావటానికి నెల పట్టింది.

అంతా సిద్ధమై మొదటి బొమ్మ వేసిన రోజు ఆయన ఐదు నిమిషాలు చూసి, "కుంటతంది" అన్నాడు.

"ఏది?"

"బొమ్మ. కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా కుంటతంది. నీకు కనపట్లా?"

నాకు కనపడలేదు. పిన్నికీ కనపడలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నెల రోజులు కష్టపడితే వంకలా అని, "ముసలితనం బాబాయ్, కళ్ళు చూపించుకో" అనేసి వచ్చేశాను. నాలుగు రోజులు ఆ ఇంటికి పోలేదు. ఐదో రోజు మనసొప్పక ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు రాసుకున్నవి చదువుతుంటే దొరికింది. సినిమా తీసింది సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలతో. మన టీవీ చూపించేది అరవైతో. లెక్క కుదరక ఒక బొమ్మను రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపిస్తుంది. సినిమాని బట్టి టీవీ తన వేగం మార్చుకునేలా ఒక ఆప్షన్ ఉంది, అది నేను పెట్టలేదు. పెట్టి మళ్ళీ వేశాను. బాబాయి తల కొంచెం పక్కకి వంచి చూశాడు. "ఆ. ఇప్పుడు నడుస్తంది" అన్నాడు. కళ్ళ డాక్టరు ఊసు మా ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఆయన చేసిన ఘనకార్యం ఒకటుంది. కేబిన్‌లో చివరి ఆట అయ్యాక మెయిన్ దించకుండా ఇంటికి పోతే వాడు ఆపరేటరే కాదట. మంటల భయం. ఆ అలవాటుతో ఇంట్లో కూడా సినిమా అవగానే పోయి మెయిన్ స్విచ్ దించేసేవాడు. కంప్యూటరు పద్ధతిగా ఆగకముందే కరెంటు పీకేస్తే డిస్కు పాడవుతుంది. రెండుసార్లు మొత్తం పోయింది, రెండుసార్లు మొదటి నుంచీ ఎక్కించాను. రెండోసారి నేను అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు. ఆయన తల వంచుకుని నుంచున్నాడు. "ముప్పై ఏళ్ళ చెయ్యి అమ్మాయ్. నేను వద్దన్నా పోతంది" అన్నాడు. ఆ తర్వాత సినిమా అయిపోయే టైముకి పిన్ని స్టూలు వేసుకుని మెయిన్ స్విచ్ కింద కూర్చోవటం మొదలుపెట్టింది. డబ్బా మీద దీపం ఆరేదాకా ఆయన్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద చూపించే మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని, తెలుగులోకి మార్చుకోవచ్చని చెప్పినప్పుడు ఆయనకి భలే హుషారొచ్చింది. వారం రోజులు సాయంత్రాలు కూర్చుని మార్చాం. ఒక్కో మాటకీ మా ఇద్దరికీ పేచీయే. సినిమా మధ్యలో ఆపి మళ్ళీ వచ్చినప్పుడు ఆ డబ్బా, ఆపిన దగ్గర నుంచి వెయ్యాలా, మొదటి నుంచి వెయ్యాలా అని అడుగుతుంది. నేను 'ఆపిన చోటు నుంచి కొనసాగించు' అని రాశాను. ఆయన ఒప్పుకోలేదు.

"హుకుం చేసినట్టుంది. మనింట్లో మిషను మనతో అట్టా మాట్లాడిద్దా? ఆగిన కాడి నుంచి ఆడిద్దామా, అని రాయి."

"బయటికి పంపితే నవ్వుతారు బాబాయ్."

"నవ్వితే నవ్వనీ. సినిమా ఆడిద్ది గానీ కొనసాగిద్దా ఎక్కడన్నా?"

చివరికి అందరూ వాడుకునేందుకు ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి నా మాటలే పంపాను. మా డబ్బాలో మాత్రం ఆయన మాట ఉంచాను.

ఇంత చేశాక కూడా ఆయన కూర్చోలేదు. సీడీ మార్చే పని లేదు, ఫ్యాను చప్పుడు లేదు, బొమ్మ కుంటటం లేదు. అయినా కుర్చీల వెనక నుంచుని చూసేవాడు. పాత సినిమాల్లో రీలు అయిపోయే ముందు కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది, రెండో మిషను మొదలుపెట్టమని ఆపరేటరుకి గుర్తు. ఆ చుక్క పడగానే వెనక ఆయన చెయ్యి కదిలేది. పిన్ని చూడకుండానే, "ఏం లేదయ్యా అక్కడ, కూర్చో" అనేది. ఆయన కదిలేవాడు కాదు. ఏదో ఒక వంక చెప్పేవాడు. చివరికి మిగిలిన వంక ఇంటర్వెల్. "ఇంటర్వెల్‌కి ఆపాల్నా? లైటెయ్యాల్నా? ఎవురు వేస్తారు మరి" అన్నాడు.

వాళ్ళిద్దరికీ ఇంటర్వెల్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. టాకీసులో ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే జనమంతా సోడాల కోసం బయటికి పరిగెత్తుతుంటే, ఆడవాళ్ళ బెంచీలో పిన్ని ఒక్కతే వెనక్కి తిరిగి పైకి చూసేదట. కేబిన్ గోడకి ఉన్న చిన్న కంతలోంచి తువ్వాలు పట్టుకున్న చెయ్యొకటి బయటికొచ్చి ఊగేది. అంతే. అన్ని సినిమాలకీ అంతే. పిన్నే చెప్పింది నాకు, సిగ్గుపడుతూ.

సరే అని నేను ఇంటర్వెల్ రాయటానికి కూర్చున్నాను. మూత తీసి మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ కాబట్టి కుదిరింది. చెప్పిన చోటుకి రాగానే సినిమా ఆగాలి, ఆ చోటు గుర్తుపెట్టుకోవాలి, గదిలో లైటు దానంతటదే వెలగాలి. రిమోట్ నొక్కితే లైటు ఆరి మళ్ళీ ఆట మొదలవ్వాలి. లైటు వైరు డబ్బాకి కలిపే పని బాబాయి చేశాడు. ఏ సినిమా వెయ్యాలో పిన్ని ఎంచింది. మా ఊరి టాకీసుకి రాని, పెట్టెలో ఉన్నా ఇంతవరకూ వెయ్యని సినిమా కావాలంది, ఇద్దరికీ కొత్తదయితే బాగుంటుందని. అన్నను వెతుక్కుంటూ రైలెక్కిన ఒక పిల్ల కథ అది. బాబాయి సౌండు తీసేసి, గబగబా ముందుకు తిప్పుతూ 'విశ్రాంతి' అనే అక్షరాలు ఎక్కడ పడతాయో వెతికాడు. "కథ చూళ్ళేదు సుమా, అక్షరాలే చూశా" అని పిన్నికి సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

ఆ ఆదివారం ఆయన కూర్చున్నాడు.

చర్చికి వేసుకెళ్ళిన తెల్ల చొక్కా విప్పకుండా వచ్చి, రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, పిన్నికి ఎడమ వైపు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర పీట మీద ఉన్నాను. నిజం చెప్తున్నాను, నేను సినిమా చూడలేదు, వాళ్ళనే చూశాను. చుక్క పడినప్పుడల్లా ఆయన చెయ్యి లేచేది. మొదటిసారి పిన్ని చిన్నగా కొట్టింది. తర్వాత ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

తెర మీద రైలు కదిలింది. విశ్రాంతి అక్షరాలు పడ్డాయి. లైటు దానంతటదే వెలిగింది. పిన్ని వెనక్కి తిరిగి పైకి చూసింది. అలవాటు! అక్కడ గోడ తప్ప ఏముంది? బాబాయి పక్కనుంచి ఆవిడ భుజం తట్టి, మెడలో తువ్వాలు తీసి మొహం ముందు ఊపాడు. "ఓరి నీ దుంపదెగ! ఈడనే ఉన్నావా!" అని పిన్ని నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

టీలు తాగాక నేను దర్జాగా రిమోట్ నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాను. లైటు అలాగే ఉంది, రైలు అలాగే ఆగి ఉంది. పావుగంట చూశాను, అరగంట చూశాను. మా ఆడపడుచు వాళ్ళు నరసరావుపేట నుంచి వచ్చి కూర్చున్నారని ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. నాకు చిరాకెత్తిపోయింది. ఇంటర్వెల్ తీసేసి మామూలుగా వేస్తానన్నాను. బాబాయి వద్దన్నాడు. "సగం బాగున్న మిషను మీద ఆట వెయ్యకూడదు అమ్మాయ్. నిదానంగా బాగు చెయ్యి. వచ్చే ఆదివారం చూద్దాం. ఎక్కడికి పోతాం మేము?" అన్నాడు. నేను సరేనన్నాను. చెప్పులేసుకుని ఇంటికి పోయాను.

సోమవారం చూడొచ్చు. మంగళవారం చూడొచ్చు. గోడ అవతలే కదా ఇల్లు. చూడలేదు.

ఆయన్ని సమాధి చేసిన మర్నాడు పోయి ఆ డబ్బా ముందు కూర్చున్నాను. తప్పు వెంటనే కనపడింది. లైటు ఆరాకే సినిమా మొదలవ్వాలని ఒక చోట రాశాను. సినిమా మొదలయ్యాకే లైటు ఆరాలని ఇంకో చోట రాశాను. ముందు నువ్వంటే ముందు నువ్వని రెండూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ కూర్చున్నాయి. ఒక్క వరస తీసేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడే తల బాదుకుని ఏడ్చాను. పిన్ని వచ్చి నా వీపు నిమురుతూ, "నువ్వేం జేస్తావమ్మా, మిషన్లంతే" అంది. మిషను తప్పు కాదు పిన్నీ, నాదే అని చెప్పాను. ఆవిడ విననట్టే నిమురుతూ ఉంది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక కూతురు గుంటూరు తీసుకుపోతానంటే పిన్ని తర్వాత వస్తానంది. ఆ ఆదివారం రెండున్నరకి నన్ను గోడ మీద నుంచి పిలిచింది. కుర్చీలు రెండూ వేసి ఉన్నాయి. రిమోట్ నా చేతికిచ్చింది. ఆ సినిమా మీదకి పోగానే తెర మీద బాబాయి మాట వచ్చింది. ఆగిన కాడి నుంచి ఆడిద్దామా? కింద రెండు గళ్ళు, సరే అని ఒకటి, మొదటి నుంచి అని ఒకటి. పిన్నికి చదువు రాదు. "ఏమంటంది?" అని అడిగింది. చదివి వినిపించాను. తెర మీది అక్షరాల వైపు చూసింది. "ఆయనన్నట్టే ఉంది" అంది. తర్వాత, "మొదట్నుంచే పెట్టమ్మా" అంది.

రైలు కదిలింది, లైటు వెలిగింది. ఇప్పుడు నొక్కితే మొదలవుతుంది పిన్నీ, బాగు చేశాను అన్నాను. "తెలుసులే. ఇయ్యాల్టికి చాలు" అంది. మరుసటి ఆదివారం కూడా అంతే. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. మొదటి సగం చూస్తుంది, అక్కడ ఆపించేస్తుంది. మొన్న నేను ఉండబట్టలేక, "ఆ పిల్లకి అన్న దొరికాడో లేదో తెలుసుకోవాలని లేదా నీకు?" అని కసిరినట్టే అడిగాను.

"మీ బాబాయికి తెలీంది నాకొక్కదానికే తెలిసి ఏం జేసుకోను?" అంది పిన్ని.

నేను మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం పోయి పీట మీద కూర్చుంటున్నాను. సరిగ్గా అదే చోట రైలు ఆగుతుంది, లైటు దానంతటదే వెలుగుతుంది. పిన్ని ముందు వెనక్కి తిరిగి పైకి చూస్తుంది. తర్వాత మెల్లగా ఎడమ పక్కకి తిరుగుతుంది. అక్కడ కుర్చీ వీపు మీద తువ్వాలు ఆరేసి ఉంటుంది.